ఇంజన్ దించేటప్పుడు అనకూడని మాట

అన్నం వడ్డించేటప్పుడు నేను ‘చాలు’ అనను. కంచానికి చెయ్యి అడ్డం పెడతాను. మా ఆవిడ మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది, ఇప్పుడు అలవాటు పడింది. కొత్తగా మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళు మాత్రం ఈయనకు మాట పడిపోయిందేమో అన్నట్టు చూస్తారు. అలా ఎందుకు చేస్తానో చెప్పాలంటే ఒక కారు ఇంజన్ గురించి చెప్పాలి.

నా పేరు వీరభద్రం. మాది ఖమ్మం. ఇంగ్లీషువాళ్ళ దేశంలో, ఎయిర్‌పోర్టు పక్కనున్న హౌన్స్‌లోలో పాత కార్లు బాగుచేసే షెడ్డులో నా వయసంతా గడిచింది. మోకాళ్ళు అరిగిపోయాయని మా జీపీ డాక్టరు తేల్చి చెప్పాక మానేశాను. ఇప్పుడు తెలిసినవాళ్ళ పిల్లలు కొందరు ఫోన్ చేసి, “అంకుల్, క్లాసిక్ కార్ల పనిలోకి రావచ్చా?” అని అడుగుతుంటారు. వాళ్ళు చూసే వీడియోల్లో వెనకాల పాట వస్తుంటే ఇంజన్ దానంతట అదే పైకి తేలినట్టు వచ్చేస్తుంది. కింద ఎవరి చేతులున్నాయో కనపడదు. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో ఎవరికీ అక్కర్లేదు కాబట్టి అది రాయను.

దించడం అంటే ఎత్తడం

మనవైపు ‘ఇంజన్ దించాలి’ అంటారు. మా మేనమామ షెడ్డులో నేను మొదట విన్న పనిమాట అదే. దించడమంటే కిందికే కదా అని కారు కిందికి దూరి చూస్తుంటే ఆయన నా కాలు పట్టుకుని బయటికి లాగాడు. చాలా కార్లలో ఇంజన్ పైకి వస్తుంది. బానెట్ విప్పి, రేడియేటర్ తీసి, గొలుసు వేసి ఎత్తి, ముందుకు లాగి, అప్పుడు నేల మీదికి దించుతాం. పనంతా ఎత్తడమే అయినా దానికి దించడం అని పేరు పెట్టుకున్నాం.

ఎత్తడం కూడా చివర్లో కాసేపే. అంతకు ముందు రోజుల తరబడి తుప్పుతో బతిమాలుకోవాలి. సైలెన్సర్ గొట్టం ఇంజన్‌కి కలిసే చోట ఉండే బోల్టులు ఊరికే రావు. సాయంత్రం నూనె పోసి ఇంటికి వెళ్ళాలి, పొద్దున వచ్చి పలకరించి చూడాలి, రాకపోతే మళ్ళీ నూనె పోయాలి. కోపం వచ్చి బలం చూపించినవాడు తెగిన బోల్టు తల చేత్తో పట్టుకుని నిలబడతాడు. ప్రతి వైరుకీ టేపు చుట్టి దాని మీద పేరు రాయాలి. గుర్తుంటుందిలే అనుకున్నవాడికి గుర్తుండదు.

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెబుతాను. ఇంజన్ బయటికి తీసిన కార్లలో చాలావాటికి అది మళ్ళీ ఎక్కదు. స్టాన్‌మోర్‌లో ఒక ఐటీ మేనేజర్ వీడియోలు చూసి తన ఇంటి ముందే ఇంజన్ ఊడదీశాడు. ఆ తర్వాత కొడుకు పుట్టాడు, అత్తగారు వచ్చారు, ఆఫీసులో పని పెరిగింది. కారు టార్పాలిన్ కింద, ఇంజన్ వంటింటి పక్క గదిలో స్టాండు మీద ఉండిపోయాయి. పొరుగువాళ్ళు కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే మమ్మల్ని పిలిచాడు. మేం వెళ్ళేసరికి ఇంజన్ మీద పిల్లాడి చొక్కాలు ఆరేసి ఉన్నాయి. “తీసుకెళ్ళిపోండి అంకుల్, దీని మీద ఇంక బట్టలు ఆరెయ్యలేను” అంది ఆయన భార్య. ఆయన మాత్రం మేం ఇంజన్ వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నంతసేపూ అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన్ని చూసి జాలిపడ్డాను కానీ, బుద్ధి తక్కువ పని అనే ఇప్పటికీ అంటాను. తీయడం ఎవడైనా తీస్తాడు. తిరిగి ఎక్కించే రోజు ఎప్పుడో తెలిసినవాడే తీయాలి.

అందుకే మా ఓనర్ కోటేశ్వరరావు గారు కారు ఎవరు తెచ్చినా, ఏం పాడైందని కాక, “ఎప్పటికి కావాలండీ?” అని మొదట అడిగేవారు.

నా షెడ్డులో తెలుగే

కోటేశ్వరరావు గారిది విజయవాడ. ఆటోనగర్‌లో పని నేర్చుకున్న మనిషి. ఈ దేశం వచ్చిన కొత్తలో ఇంగ్లీషువాళ్ళ గ్యారేజీల్లో చేశారు. అక్కడ ఇద్దరు తెలుగువాళ్ళు తమ భాషలో ఒక మాట అనుకుంటే చాలు, ఫోర్‌మన్ రెంచి టేబుల్ మీద కొట్టి ఇంగ్లీషులో మాట్లాడమని అరిచేవాడట. ఒకసారి నాన్నగారు పోయారని ఇంటినుంచి ఫోన్ వస్తే, ఆ ఫోన్‌లో తెలుగులో ఏడ్చినందుకు కూడా మాట పడ్డారట. అప్పుడు ఒట్టు పెట్టుకున్నారు, తన సొంత షెడ్డు అంటూ ఉంటే అందులో తెలుగే మాట్లాడతానని. చాలా ఏళ్ళు ఆ మాట మీదే నిలబడ్డారు. ఇంగ్లీషు కస్టమర్లు ఆయన్ని ‘కోడీ’ అని పిలిచేవాళ్ళు. ఆయన వాళ్ళతో ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా మాట్లాడి, ఇటు తిరిగి మాతో, “వీడి కారుకి పెయింట్ తప్ప ఇంకేం లేదయ్యా” అనేవారు.

ముక్కోపి. కోపం వస్తే చేతిలో ఉన్న నూనె గుడ్డ విసిరేవారు, పనిముట్టు మాత్రం ఎప్పుడూ విసరలేదు. “భద్రం!” అని ఆయన అరిస్తే నన్ను పిలుస్తున్నారో, జాగ్రత్తగా ఉండమంటున్నారో తెలిసేది కాదు. రెండింటికీ తయారుగా ఉండేవాణ్ణి.

మూడో మనిషి యాదగిరి. సిద్దిపేట దగ్గరి ఊరు. చాలా ఏళ్ళు దుబాయ్ గ్యారేజీల్లో పనిచేసి, నర్సుగా ఇక్కడికి వచ్చిన భార్య వెంట వచ్చాడు. ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. క్రేన్ పంపు చేయాలన్నా, గేర్ బాక్స్ మొయ్యాలన్నా ముందుండేవాడు. కోటేశ్వరరావు గారి తెలుగు అతనికీ, అతని తెలుగు ఆయనకీ పూర్తిగా ఎక్కేది కాదు. ఖమ్మం అటూ ఇటూ కాని జిల్లా కాబట్టి మధ్యలో నేను ఉండేవాణ్ణి. “ఏమంటున్నాడయ్యా వీడు?” అని ఆయన, “ఏమంటున్నడే సారు?” అని ఇతను. తెలుగు నుంచి తెలుగుకి చెప్పడానికి నన్ను జీతమిచ్చి పెట్టుకున్నారని మేం ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

విమానాల సంగతి కూడా చెప్పాలి. మా షెడ్డు నెత్తి మీంచే అవి దిగేవి. హౌన్స్‌లోలో మాట మధ్యలో ఆపేయడం అమర్యాద కాదు. విమానం వస్తుంటే అందరం నోరు మూసుకుంటాం, అది దాటాక ఆపిన చోటి నుంచి మొదలుపెడతాం. మా ఆవిడతో నా పోట్లాటలు కూడా అలాగే సాగాయి.

కళ్ళున్నంతలో

ఆ కారు కార్డిఫ్ నుంచి ట్రెయిలర్ మీద వచ్చింది. మజిల్ కారు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, ఒకప్పుడు అమెరికావాళ్ళు మామూలు కారులో లారీకి పెట్టాల్సినంత ఇంజన్ పెట్టి రోడ్డు మీదికి వదిలారు. వాటికి ఆ పేరు. స్టీరింగ్ ఎడమవైపు. ముదురు ఆకుపచ్చ రంగు, తలుపుల అంచులన్నీ తుప్పు. ఏళ్ళ తరబడి కదలక ఇంజన్ లోపల పట్టేసింది.

దాని యజమాని డాక్టర్ వెంకటరత్నం గారు. బాపట్ల మనిషి. కార్డిఫ్‌లో పెద్దాసుపత్రిలో ముసలివాళ్ళ వార్డులు చూసి రిటైరయ్యారు. వయసులో ఉండగా, ఇంటికి తిరిగి వెళ్ళిపోతున్న ఒక అమెరికన్ సైనికుడి దగ్గర ఆ కారు కొన్నారట. రాత్రి డ్యూటీకి దాని మీదే వెళ్ళేవారట. తర్వాత సంసారం, పిల్ల, అందరిలాగే చిన్న కారు. ఇది గ్యారేజీలో పడిపోయింది.

కోటేశ్వరరావు గారు మామూలు ప్రశ్నే వేశారు.

“ఎప్పటికి కావాలండీ?”

“కళ్ళున్నంతలో” అన్నారు డాక్టర్ గారు.

మేం వేళాకోళం అనుకున్నాం. కాదు. రెండు కళ్ళలోనూ చూపు నడిమధ్య నుంచి కరిగిపోతోంది. ఇంకా లైసెన్సుకి సరిపడా ఉంది. కొత్త సంవత్సరం వచ్చాక మళ్ళీ పరీక్ష. అందులో నెగ్గనని ఆయనకు ముందే తెలుసు.

“ఎంతమంది పెద్దవాళ్ళ చేత నేనే లైసెన్సులు వాపసు ఇప్పించానో! వాళ్ళు నా ముందే ఏడ్చేవాళ్ళు. రూల్ రూలే అనేవాణ్ణి. ఇప్పుడు నేను దొంగతనంగా నడపలేను కదండీ. పరీక్షలోపు ఒక్కసారి, కార్డిఫ్ నుంచి పెనార్త్ దాకా, సముద్రం పక్కన. ఈవిణ్ణి పక్కన కూచోబెట్టుకుని.”

పక్కనే ఉన్న ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు అప్పటిదాకా ఆ కారు ఎక్కనేలేదట. “ఆ చప్పుడుకి పేగులు కదులుతాయి. పెళ్ళైన కొత్తలోనే చెప్పేశాను, నేను బస్సులో వస్తానని. ఇప్పుడు మాటిచ్చాను, ఏం చేస్తాం” అన్నారు.

కోటేశ్వరరావు గారు క్రిస్మస్ లోపల ఇస్తానన్నారు. ఎవరికీ గడువు చెప్పని మనిషి ఆయనకు చెప్పారు. మేం మిగతా పనులు పక్కన పెట్టాం. ముగ్గురికీ ఆ కారు మీద ఒకరకమైన మమకారం పుట్టింది, సిగ్గుపడకుండానే చెబుతున్నాను. యాదగిరి ఆ స్టీరింగ్ మీద దుమ్ము తుడిచినప్పుడల్లా, “పెద్దసారు పట్టుకునేదిది” అనేవాడు.

ఆ మాట

ఎత్తే రోజు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వైర్లు విప్పాం, గొట్టాలు మూశాం, గేర్ బాక్స్ కింద జాకీ పెట్టాం. యాదగిరి క్రేన్ పంపు దగ్గర, దాని రాడ్డు నొక్కిన కొద్దీ గొలుసు లేస్తుంది. ఇంజన్ ఊగకుండా పట్టుకోవడానికి నేను ముందు. కోటేశ్వరరావు గారు పక్కన టార్చి పట్టుకుని వంగి, ఇంజన్ తన దిమ్మల మీంచి ఎలా లేస్తోందో చూస్తున్నారు. ఇంజన్‌కి రెండు వైపులా కింద రబ్బరు దిమ్మలుంటాయి, వాటి మీదే అది కూర్చుంటుంది. వాటి బోల్టులు తీసేశాం. కానీ కుడివైపు రబ్బరు ఏళ్ళ తరబడి తుప్పుతో కలిసిపోయి ఇనుముకి అతుక్కుపోయి ఉంది. బోల్టు పోయినా పట్టు పోలేదు.

ఎడమవైపు లేచింది. కుడివైపు లేవలేదు. ఆయన అది చూశారు. అప్పుడే విమానం వచ్చింది.

మామూలు మాటైతే ఆగేవారు. గొలుసు బిగిసి ఉన్నప్పుడు ఎవరు ఆగుతారు? “చాలు! చాలు!” అని అరిచారు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. కృష్ణా జిల్లాలో ‘చాలు’ అంటే ఇక ఆపు అని. యాదగిరి ఊళ్ళో ఆ మాట ‘సాలు’. ‘చాలూ’ అంటే అక్కడ మొదలుపెట్టు, నడిపించు అని. మోటరు చాలూ చేసిండు, పని చాలూ అయింది అంటారు. దుబాయ్‌లో హిందీవాళ్ళ మధ్య బతికిన మనిషికి అది ఇంకా గట్టిగా తలకెక్కింది. మామూలుగా అయితే మాట తీరుని బట్టి, మొహాన్ని బట్టి తెలిసిపోయేది. విమానం మోతలో తీరూ లేదు, వంగిన మనిషికి మొహమూ లేదు. చాలూ, చాలూ అని మాత్రమే వినిపించింది. సారు తొందర పెడుతున్నాడనుకుని యాదగిరి పంపు మీద ఒళ్ళంతా మోపాడు.

నాకు రెండు భాషలూ తెలుసు. ఆయన అన్నదీ విన్నాను, ఇతని చేతుల వేగమూ చూశాను, ఏం జరుగుతోందో తెలిసింది. “సాలు యాదగిరీ, సాలు!” అని అరిచాను. అప్పటికే కారు ముందు భాగం కుడివైపున ఇంజన్‌తో పాటు లేచింది. గుళ్ళో కొబ్బరికాయ కొట్టినట్టు ఒక్క చప్పుడు వచ్చింది.

దిమ్మ ఊడలేదు. దిమ్మ బిగించే చోట ఇంజన్ ఇనుమే చిట్లింది. పోత ఇనుము వంగదు, పగులుతుంది. ఆ పగులు పైకి పాకి, లోపల నీళ్ళు తిరిగే గోడ దాకా వెళ్ళింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మొదట అందరం మా వేళ్ళు చూసుకున్నాం.

కోటేశ్వరరావు గారు మోకాళ్ళ మీద కూర్చుని, పగులు మీద బొటనవేలు పెట్టారు.

“సార్, మీరే గద చాలూ అన్నరు?” అన్నాడు యాదగిరి.

“చాలు అన్నానయ్యా! చాలంటే చాలు!”

“ఔ సార్. నేను గదే జేసిన.”

నాకు నవ్వొచ్చింది. రాకూడని చోట వచ్చిన ఆ నవ్వు ఆపుకోవడానికి బయటికి వెళ్ళిపోయాను.

ఎవరిది తప్పు అని నన్ను చాలామంది అడిగారు. యాదగిరిది కాదు. అతను విన్నది చేశాడు. కోటేశ్వరరావు గారిది తప్పనడానికి నాకు నోరు రాదు కానీ, ఒకటి అంటాను. తన భాష మాట్లాడుకోవడానికి ఒక చోటు కట్టుకున్న మనిషి, ఆ భాషలో అందరూ తనలాగే మాట్లాడతారనుకున్నాడు. పరాయి భాష మాట్లాడేటప్పుడు మనం జాగ్రత్తగా ఉంటాం. సొంత భాషలో ఉండం.

చెడ్డ కబురు

ఫోన్‌లో చెప్పనన్నారు కోటేశ్వరరావు గారు. ఇద్దరం కార్డిఫ్ వెళ్ళాం. దారంతా ఆయన పెదవులు కదుపుతూనే ఉన్నారు, ఎలా చెప్పాలో అప్పజెప్పుకుంటున్నట్టు. తీరా గుమ్మంలో నిలబడేసరికి ఒక్క మాటా రాలేదు.

డాక్టర్ గారు మమ్మల్ని కాసేపు చూశారు. చూపు నేరుగా కాక కొంచెం పక్కకు పెట్టి చూసేవారు అప్పటికే.

“లోపలికి రండి. ముందు కూచోండి. చెడ్డ కబురు నిలబడి చెప్పకూడదు. మా జూనియర్లకి నేను మొదట నేర్పేది అదే” అన్నారు.

కూర్చున్నాం. కోటేశ్వరరావు గారు చెప్పారు. యాదగిరి పేరు ఎత్తలేదు, మా మాటల్లో తేడా వచ్చిందన్నారు.

“ఏం మాట?”

“చాలు అన్న మాటండీ.”

డాక్టర్ గారు విని, అర్థం చేసుకుని, పెద్దగా నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఆ గుడ్డ చేతిలోనే పెట్టుకుని, “ఎన్నాళ్ళు?” అన్నారు.

కోటేశ్వరరావు గారు నావైపు చూశారు.

“నన్ను పేషెంట్లు ఇదే అడిగేవాళ్ళు. నేను చూద్దాం, చూద్దాం అనేవాణ్ణి. మీరు అలా అనకండి. సూటిగా చెప్పండి.”

“చలికాలం దాటిపోతుందండీ. వేరే ఇంజన్ తెప్పించాలన్నా అమెరికా నుంచి ఓడలో రావాలి, అదీ అంతే. దీన్నే కుట్టించొచ్చు. పోత ఇనుముకి కుట్లు వేసే ఆయన ఒకరున్నారు, బర్మింగ్‌హామ్ వైపు. చాలామంది వరసలో ఉన్నారు” అన్నారు కోటేశ్వరరావు గారు.

“కుట్లా! ఇంజన్‌కి కూడానా?” అన్నారు డాక్టర్ గారు. ఇంకేం అడగలేదు.

అన్నపూర్ణమ్మ గారు కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. “మరి నేను కూచుంటానన్నది?” అన్నారు.

“అదృష్టవంతురాలివి. తప్పించుకున్నావు” అన్నారు ఆయన.

ఆవిడ నవ్వలేదు. ఆ కాఫీ నేను తాగాను కానీ రుచి ఏమిటో ఇప్పటికీ చెప్పలేను.

షెడ్డులో మిగిలిన మాటలు

కుట్టడం అంటే నిజంగా కుట్టడమే. పగులు పొడవునా రంధ్రాలు వేసి, ఒకదాన్నొకటి పట్టుకునేలా ఇనుప పిన్నులు బిగిస్తూ పోతారు. నిప్పు పెట్టరు. వేడి తగిలితే పోత ఇనుము ఇంకోచోట పగులుతుంది. అయ్యాక వేలు పెట్టి రాస్తే తప్ప కుట్టు తెలియదు. ఈ పని తెలిసినవాళ్ళు ఈ దేశంలో కొద్దిమందే మిగిలారు. పెద్ద తొందరలో ఉన్నవాళ్ళు ఎవరూ ఆ పనికి రాకండి.

ఆ చలికాలం యాదగిరి మానేశాడు. ఎవరూ పొమ్మనలేదు. కోటేశ్వరరావు గారు ఇంటికి వెళ్ళి మరీ పిలిచారు. నేనూ వెళ్ళాను. “అన్నా, పంపు పట్టుకుంటే చేతులు చల్లగైతున్నయ్. నా చెవి మీద నాకే నమ్మకం లేదు” అన్నాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో చేరాడు. ఒకసారి బస్‌స్టాప్‌లో కలిస్తే ఎలా ఉందని అడిగాను. “మంచిగనే ఉందన్నా. ఎవ్వరు మాట్లాడరు. స్కానర్ బీప్ అంటది, డబ్బా పోతది.” అంత మంచి చేతులున్న మెకానిక్ డబ్బాలు తోసుకుంటున్నాడంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అంతకంటే బాధాకరమైంది ఇంకొకటి. కోటేశ్వరరావు గారు షెడ్డులో తెలుగు మానేశారు. ‘అప్’, ‘డౌన్’, ‘స్టాప్’. అన్నం డబ్బాలు తెరిచినప్పుడు కూడా ఇంగ్లీషే. మొదట్లో నేను తెలుగులో బదులిచ్చేవాణ్ణి. ఆయన విననట్టు ఉండేవారు. కొన్నాళ్ళకు నేనూ మానేశాను. ఎప్పుడో ఆయన్ని తిట్టిన ఆ ఫోర్‌మన్ చివరికి నెగ్గాడనిపించింది నాకు.

పిల్లలకి ఇక్కడ చెప్పాల్సింది చెబుతాను. బరువు గాల్లో ఉన్నప్పుడు మాట వాడకండి, ఏ భాషలోనూ. చెయ్యి వాడండి. పిడికిలి బిగిస్తే ఆపమని. ఒక్కడే చెయ్యి చూపాలి, పంపు దగ్గరున్నవాడు ఆ చెయ్యి తప్ప ఇంకేం చూడకూడదు. చెయ్యి కనపడకపోతే ఆపేయాలి. ఇంజన్‌తో పాటు కారు కూడా లేస్తోందేమో ముందు చక్రాల దగ్గర చూస్తుండాలి. మాకు ఇవన్నీ తెలియక కాదు. ఎప్పటినుంచో కలిసి పనిచేస్తున్నాం, మన మనిషేగా అనుకున్నాం.

తాళం

కొత్త సంవత్సరం వచ్చాక పరీక్ష జరిగింది. డాక్టర్ గారు అనుకున్నట్టే అయింది. లైసెన్సు తనంతట తనే పంపేశారట. మాకు ఫోన్ చేసి, “ఎక్కించెయ్యండి. బయటికి తీసింది లోపల పెట్టాలి కదా” అన్నారు.

చెట్లు చిగురిస్తున్నప్పుడు ఎక్కించాం. నేనూ, కోటేశ్వరరావు గారూ, ఒక్క మాట లేకుండా, చేతులతో. ఇంజన్ దిమ్మల మీద కూర్చుంది. ఎక్కడా నీళ్ళు కారలేదు. ఇంత బాగా నా జీవితంలో ఏ ఇంజనూ ఎక్కించలేదు. ఆ పనికి సంతోషించేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

డాక్టర్ గారి అమ్మాయి శైలజ తన కారులో అమ్మానాన్నలిద్దర్నీ తీసుకొచ్చింది. అక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. “డాడ్, ఐ కెన్ డ్రైవ్ యూ టు పెనార్త్. రియల్లీ, ఐ డోంట్ మైండ్” అంది.

“నువ్వు నడిపితే నేను ప్యాసింజర్‌నమ్మా. అదెలాగూ ఇక మీదట రోజూ ఉండేదే” అన్నారు ఆయన.

యార్డులో నిలిపి ఉన్న కారులో ఎడమవైపు, స్టీరింగ్ ముందు ఆయన కూర్చున్నారు. తలుపు, సీటు, గేరు రాడ్డు అన్నీ చేతులతో తడుముకుని తెలుసుకున్నారు. అన్నపూర్ణమ్మ గారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కుడివైపు ఎక్కారు. పెళ్ళైన ఇన్నేళ్ళకి. తాళం రంధ్రం ఆయనకు దొరకలేదు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి తిప్పాను.

ఇంజన్ పలికింది. అలాంటి ఇంజన్ శబ్దం చెవికి కాదు, ముందు అరికాళ్ళకి తెలుస్తుంది. ఆవిడ రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నారు. ఆయన కాలు ఒక్కసారి నొక్కారు. షెడ్డు రేకులు మోగాయి. కోటేశ్వరరావు గారు కాస్త దూరంగా, గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే నిలబడ్డారు. ఆ చేతులకి అప్పటికి మురికి ఏమీ లేదు.

“పెనార్త్ వచ్చేసిందనుకోండి. అదిగో సముద్రం” అన్నారు అన్నపూర్ణమ్మ గారు, చప్పుడు మీంచి అరుస్తూ.

“ఎందుకు అనుకోవడం? హౌన్స్‌లోలోనే ఉన్నాం” అన్నారు ఆయన.

ఆవిడ డ్యాష్‌బోర్డు వదిలి, స్టీరింగ్ మీదున్న ఆయన చేతి మీద చెయ్యి వేశారు. అప్పుడు విమానం వచ్చింది. ఇంజనూ విమానమూ కలిసి ఒకటే మోత. డాక్టర్ గారు ఏదో అన్నారు. నాకు పెదవులు మాత్రమే కనపడ్డాయి. ఆ మాటని ఏ మోతలోనైనా నేను గుర్తుపడతాను. వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

“ఏ చాలండీ?”

ఆయన చూపు నా మొహానికి కొంచెం పక్కన ఆగింది.

“మా బాపట్ల చాలే, భద్రం గారూ.”

నేను తాళం తిప్పి ఇంజన్ ఆపాను. విమానం దాటిపోయింది. మామూలుగా అయితే ఆపిన చోటి నుంచి మాట మొదలుపెడతాం. ఆ రోజు ఎవరం మొదలుపెట్టలేదు.